మూత వేసినా వినే లాప్‌టాప్

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఆ రోజు దేవుడితో మాట్లాడుకున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. మా అత్తమ్మ రెబెకమ్మ చర్చిలో స్త్రీల కూటానికి పోయింది. నా భర్త డేవిడ్‌రాజు ఉదయగిరి బస్టాండు దగ్గర తన సెల్‌ఫోన్ షాపులో ఉన్నాడు. పైకి మాటలతో ప్రార్థన చేసుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. నెల్లూరులో ఒక స్కూలువాళ్లు లెక్కల టీచరు ఉద్యోగానికి నన్ను ఇంటర్వ్యూకి పిలిచారు. ఆ ఉద్యోగం వస్తే వారమంతా అక్కడే హాస్టల్లో ఉండాలి. మనిషన్నవాళ్లకెవరికీ ఆ సంగతి చెప్పలేదు. "ప్రభువా, వాళ్లు రమ్మంటే పోయే ధైర్యం ఇవ్వు" అని మాత్రం అడిగాను.

సాయంత్రం భోజనం పెడుతుంటే మా ఆయన ముద్ద కలుపుకుంటూ అన్నాడు. "దేవుణ్ణి అడిగితే సరిపోతాదా ఏంజెలిన్, మొగుణ్ణి అడగొద్దా?"

కూరలో ఉప్పు చాలలేదని చెప్పినంత మామూలుగా అన్నాడు. నా చేతిలో గరిటె ఆగిపోయింది. ముందు అత్తమ్మను అనుమానించాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆమె ఆ వేళకు ఇంట్లోనే లేదు. అప్పుడు ఆయన పాత మాటలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. మా చెల్లెలితో ఫోన్లో నవ్వినందుకు, అంత నవ్వేముందని అడిగాడు. నేను ఇంటి నుంచి చెప్పే క్లాసుల మధ్య పది నిమిషాలు పక్కింటామెతో మాట్లాడితే, ఆ టైములో బట్టలు మడతేసుకోవచ్చు కదా అన్నాడు. రోజుకు నాలుగు ఆన్‌లైన్ క్లాసులు చెప్పి, మూడు పూటలా ముగ్గురికి వండి, అంట్లు తోమి, అత్తమ్మ మోకాళ్లకు నూనె రాస్తే, దాన్ని ఆయన "ఇంట్లో కూర్చునే పని" అనేవాడు. ఆ క్లాసులకని లాప్‌టాప్ కొనిచ్చింది ఆయనే. సిగ్నల్ బాగుంటుందని దాన్ని వంటింటి గుమ్మం పక్కన బల్ల మీద పెట్టమన్నదీ ఆయనే.

మరునాడు లాప్‌టాప్ మూత వేసి, దాని ముందు నిలబడి, శుక్రవారం జలదంకికి పోవాలి అని ఉత్తినే పైకి అన్నాను. అంతే, ఇంకేమీ అనలేదు. మధ్యాహ్నం భోజనానికి వచ్చి చెయ్యి కడుక్కుంటూ ఆయన అడిగాడు. "జలదంకిలో ఎవురుండారు నీకు?"

ఉదయగిరిలో రిపేర్లు చేసేవాళ్లందరూ ఆయన స్నేహితులే. అందుకని లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఆత్మకూరు బస్సెక్కాను. అక్కడ డిపో దగ్గర గోపిక అనే అమ్మాయి కంప్యూటర్లు బాగుచేసే షాపు నడుపుతుంది. కాసేపు వెతికి, దాచిపెట్టిన యాప్ ఒకటి చూపించింది. మైకులో పడ్డ ప్రతి మాటా అది వేరే ఫోనుకు పంపుతోందట. మూత వేసినా ఆగకుండా సెట్టింగు కూడా మార్చి ఉంది. నా ఫోను కూడా చూసింది. అందులో ఏమీ లేదు. కొన్ని లాప్‌టాప్‌లలో మూత వేయగానే మైకు కనెక్షనే తెగిపోయేటట్టు లోపలే ఏర్పాటు ఉంటుందట. అప్పుడు ఏ యాప్‌కీ ఏమీ వినపడదట. నా లాప్‌టాప్‌లో అది లేదు.

"యాప్ తీసేస్తే మీ ఆయన మళ్లా పెట్టుకుంటాడక్కా, పాస్‌వర్డ్ తెలుసు గదా" అంది గోపిక. "మైకు తీగ ఊడదీస్తే మాత్రం ఎవురేం పెట్టినా దానికి చెవులుండవు. క్లాసప్పుడు హెడ్‌సెట్ గుచ్చుకో, అయినాక పీకేయ్."

"యాప్ అట్నే ఉండనీ" అన్నాను. "వింటా కూర్చోనీ."

ఆమె స్క్రీను అంచు విప్పింది. తీగ నేనే తీస్తానన్నాను. ఎక్కడ పట్టుకోవాలో చూపించింది. సన్నటి తీగ, చిన్నగా లాగితే వచ్చేసింది. ఇన్ని నెలలు నా ఇంట్లో నా ప్రతి మాటా మోసింది అదేనా అని నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది.

రెండు రోజులు ఆయన ఏమీ అనలేదు. మూడో రోజు పొద్దున, లాప్‌టాప్ మైకు చెడిపోయినట్టుంది, షాపుకు తీసుకుపోయి చూస్తాను అన్నాడు.

"పిల్లలకు నా పాఠం బాగానే వినపడతా ఉండాది. మైకు చెడిందని మీకెట్ల తెలిసింది?" అన్నాను.

పగలంతా ఆడవాళ్లు ఒంటరిగా ఉండే ఇల్లని, మా మంచికే ఆ యాప్ పెట్టానని ఆయన గొణిగాడు. మంచం మీద కూర్చున్న అత్తమ్మ తల ఎత్తింది.

"నేను మీ అక్కతో ఫోన్లో ఏడ్చింది కూడా విన్నావా రా?" అని అడిగింది.

ఆయన తల వంచుకుని చెప్పులేసుకోబోయాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"బుధవారం నెల్లూరులో ఇంటర్వ్యూ. పోతున్నాను. మీరు చాటుగా విన్నారని కాదు, నేను చెప్పాలనుకున్నాను కాబట్టి చెప్తున్నాను."