యాడికని అడిగిన సిపాయి

ఇట్లా దగ్గరికి జరుగు తల్లీ, ఆ ఫ్యాను హోరులో మాట వినపడదు. రెడ్డెమ్మ కువైట్ నుంచి బయటపడిన కథ చెప్పాలంటే ముందు షెన్ సారు సంగతి చెప్పాలి.

షెన్ గ్వోలియాంగ్ చైనా ఎంబసీలో పెద్ద ఉద్యోగి. ఆయన జాతకం ఎట్లాంటిదంటే, ఏ దేశానికి పంపితే ఆ దేశంలో సింహాసనం ఊగేది. మొదటి దేశంలో, కోటు ఇస్త్రీ చేయించుకుని దర్శనానికి పోయేసరికి రాజు పెరటి వాకిలి గుండా పారిపోయాడు. ఇంకోచోట విందుకు పిలిచినవాడు జైలుకు పోతే, వడ్డించినవాడు మంత్రి అయ్యాడు. నడుమ కొన్నేళ్లు సొంత దేశమే ఆయన్ను పందులు మేపమని పల్లెకు తోలింది. "మంత్రుల కంటే పందులు నయం. ఆకలైతే ఆకలనే చెబుతాయి" అనేవాడు. అన్నేళ్ల కొలువులో అబ్బిన విద్య ఒక్కటే. అబద్ధం ఆడడు, నిజం మొత్తం చెప్పడు.

ముసలితనంలో ప్రశాంతంగా ఉంటుందని కువైట్ ఇచ్చారు. ఆయన వచ్చిన మరుసటేడే ఇరాక్ సైన్యమూ వచ్చింది.

రెడ్డెమ్మది రాయచోటి పక్క పల్లె. కువైట్‌లో మిష్రిఫ్ అనే పేటలో షెన్ సారు ఇంట్లో వంట చేసేది. పని అక్కడే అయినా పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంది, కఫీల్ అంటే వీసా ఇచ్చిన అరబ్బు ఆసామి. కఫీల్ బీరువాకు తాళం వేసుకుని సౌదీకి పారిపోయాడు. ఎంబసీలన్నీ మూసి బాగ్దాద్‌కు పొమ్మని ఇరాక్‌వాళ్లు గడువు పెట్టారు. ఆ పొద్దు గూకేలోగా షెన్ సారు ఇంటిమనిషిగా ఆయన ఎంబసీ కారులో దాటితే దాటినట్టు. గడువు మీరితే కారుకు మర్యాద ఉండదు, కాగితం లేని రెడ్డెమ్మకు దారే ఉండదు.

బయల్దేరారు. బండి నడిపేది గురప్ప, అతనూ కడప జిల్లావాడే. ఊరి చివర నాకా దగ్గర ఇరాక్ సిపాయి వంగి అడిగాడు.

"ఎక్కడికి?"

రెడ్డెమ్మ వెనక సీటులోంచి అరిచింది. "తిప్పు గురప్పా బండి! పోయేటప్పుడు యాడికని అడిగితే ఆ పని అయితాదా? ఇంటికి పోయి నీళ్లు తాగి మళ్లా వద్దాం."

"ఏందక్కా, మతి చెడిందా? వాని చేతిలో తుపాకి ఉండాది. అడక్కుండా ఆరతిస్తాడా?"

"తుపాకికేం తెలుస్తాది శకునం!"

షెన్ సారు సంగతి అడిగి తెలుసుకున్నాడు. ఏ రాజు ముందు ఎంత వంగాలో లెక్క తప్పని మనిషి ఆయన. "ఆచారమంటే ఆచారమే. తిప్పు" అన్నాడు.

ముగ్గురూ వంటింట్లో కూర్చుని నీళ్లు తాగి మళ్లీ వచ్చారు. సిపాయి మళ్లీ "ఎక్కడికి?" అన్నాడు. మళ్లీ వెనక్కి, మళ్లీ నీళ్లు. ఈసారి నాకా మీది అధికారే వచ్చి దారికి అడ్డం నిలబడ్డాడు.

"అడిగినప్పుడల్లా పారిపోతారేం? ఏమిటీ నాటకం?"

షెన్ సారు దిగి, కోటు గుండీ పెట్టుకుని, "కడప ప్రోటోకాల్" అన్నాడు.

నిప్పులు చెరిగే ఎండలో చర్చలు మొదలయ్యాయి. అడక్కుండా వదిలితే తన ఉద్యోగం పోతుందన్నాడు అధికారి. పోనీ, కారు దాటాక అడుగుతామన్నాడు.

"ఎనక నుంచి పిలిస్తే ఇంకా దరిద్రం బాబా!" అని కారులోంచి షెన్ సారుకు రెడ్డెమ్మ కేక. గురప్ప స్టీరింగుకు తల బాదుకున్నాడు. చివరికి ఒప్పందం కుదిరింది. ఎక్కడికి అని కాదు, ఎక్కడి నుంచి అని అడగాలి.

సిపాయి గొంతు సవరించుకున్నాడు. "ఎక్కడి నుంచి?"

"కువైట్ నుంచి" అన్నాడు గురప్ప, బతికాం అనుకుంటూ.

అధికారి ముఖం నల్లబడింది. "కువైట్ అనే దేశం లేదు. ఇది ఇరాక్‌లో ఒక జిల్లా. అట్లా చెప్పండి."

షెన్ సారు నోట ఆ మాట రాకూడదు, ఆయన దేశం దాన్ని ఒప్పుకోలేదు. కువైట్ అంటే కదలనివ్వరు, ఇరాక్ అంటే కొలువు ఊడుతుంది. పొద్దు వాలిపోతోంది. తానేం చేసిందో రెడ్డెమ్మకు అప్పుడు తెలిసొచ్చింది.

"నన్ను దింపేయండి బాబా. యాడికనైనా అడగనీ, మీరు పోండి" అంటూ తలుపు తీసింది.

షెన్ సారు ఆ తలుపు మూసేశాడు. అధికారి వైపు తిరిగి, "వంటింట్లోంచి వస్తున్నాం. ముగ్గురం ఇప్పుడే అక్కడ నీళ్లు తాగాం" అన్నాడు.

"ఏ దేశపు వంటిల్లు?"

"ఈమెది."

అధికారి జేబులోంచి ఉత్తర్వుల కాగితం తీసి పైనుంచి కిందికి చదివాడు. వంటిళ్ల గురించి పైనుంచి ఉత్తర్వేమీ రాలేదు. "యల్లా, పోండి" అన్నాడు. దారికి అడ్డంగా కట్టిన గొలుసు దిగింది. కారు దాటాక అలవాటుకొద్దీ సిపాయి నోరు తెరవబోతే అధికారి అరచేత్తో మూసేశాడు.

రెడ్డెమ్మ బాగ్దాద్ మీదుగా జోర్డాన్, అక్కడి నుంచి విమానంలో బొంబాయి చేరింది. షెన్ సారును ఇంకో దేశానికి వేశారట. పాపం, అక్కడి రాజు సంగతి ఏమైందో!

ఇది మరిచిపోవద్దు తల్లీ. నీ పిల్లలకు చెప్పేటప్పుడు చైనావాడెవరో అనేయకుండా షెన్ గ్వోలియాంగ్ అని పేరు పూర్తిగా చెప్పు. కాగితం లేని మనిషిని కారు దిగనివ్వలేదని చెప్పు.