అద్దం మీద సవతి

లాండ్రీ వ్యానులో మొగుడి పక్కన కూర్చుని దారి చెబుతుంది కాబట్టి ఆమెకు దారమ్మ అని పేరు పడింది. ఉతికి ఇస్త్రీ చేసిన దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండు గలీబులు మూటలు కట్టి, పొద్దున్నే హోటళ్ళకు చేర్చడం వాళ్ళిద్దరి పని. ఆయన నడిపేవాడు. మలుపు రాకముందే ఆమె చెయ్యి చూపించేది. ఆ చెయ్యి ఎటు తిరిగితే బండి అటు తిరిగేది.

లాండ్రీ యజమాని ఊరి అవతలి కొసన కొత్త హోటళ్ళు ఒప్పుకున్నాక చిక్కొచ్చిపడింది. ఆ దారులు దారమ్మకు అంతుపట్టలేదు. ఒకే వంతెన చుట్టూ గానుగెద్దులా తిరిగి, తడవ తడవకీ ఆలస్యంగా చేరి, మాటలు పడి, చివరికి తనే వెళ్ళి దారి చెప్పే జీపీఎస్ పెట్టె కొనుక్కొచ్చింది. లాండ్రీలో ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"చేతులారా సవతిని తెచ్చుకున్నావటే! గొంతు కూడా తేనెలా ఉంటుందట!"

"తెచ్చుకుంటే ఏం? నా కళ్ళ ముందే పడి ఉంటుంది" అంది దారమ్మ నవ్వుతూ. నవ్విందే గానీ లోపల ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది.

బిగించేటప్పుడు ఆ ముల్లే మాట్లాడింది. ఫిట్టరు పెట్టెను డ్రైవరు ముందు, అద్దం కింది అంచుకు ఆనించి చూపించాడు. "ఇక్కడైతే రోడ్డుకి అడ్డం రాదమ్మా. ఆయన కన్ను ఇలా దించితే చాలు."

"మరి నాకు కనపడొద్దూ?"

"బండి నడిపేది ఆయనా, మీరా?"

"నడిపేది ఆయనే. నడిపించేది నేను" అంది దారమ్మ. తన సీట్లో కూర్చుని, "ఇంకాస్త పైకి. ఇటు తిప్పు. ఆఁ, అక్కడ!" అంటూ అద్దం నడిమధ్యన, తన వైపు మొహం పెట్టి బిగించేదాకా వదల్లేదు. అది తప్పు చెబితే పట్టుకోవాలని ఆమె ఆశ. ఆ సమయానికి మొగుడు టీ తాగడానికి వెళ్ళాడు. డ్రైవరు సీట్లో కూర్చుని చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఆయన మనిషి పొట్టి. పాత దుప్పటి మడతపెట్టి, దాని మీద కూర్చుంటే గానీ రోడ్డు కనపడదు. తిరిగొచ్చి, ఎక్కి, ఒక్క క్షణం అద్దం వంక చూసి, "బాగుంది" అన్నాడు. ఆ తర్వాత ఆయన మలుపుల దగ్గర కొంగలా మెడ చాచడం దారమ్మ చూసింది. దిండు సరిగ్గా లేక మెడ పట్టేసి ఉంటుందనుకుంది.

కొన్నాళ్ళకు ఒక రోజు, ఒక హోటలు సందు మొదట్లో వాళ్ళిద్దరూ కాదు, దారమ్మా పెట్టే పోట్లాడుకుంటున్నారు. "ఈ సందు కాదు, ముందుదీ! చూశావా, తప్పు చెబుతోంది!" అని ఆమె వేలు పెట్టి చూపిస్తూనే ఉంది. బండి తిరిగింది. దబ్‌మని చప్పుడు. బట్టల సంచీతో రోడ్డు దాటుతున్న ఒక టైలరమ్మ పక్కకు పడిపోయింది. దారమ్మ వైపు నుంచే వచ్చింది ఆవిడ. రోడ్డు మీద ఉండవలసిన దారమ్మ కళ్ళు పెట్టె మీద ఉన్నాయి.

ప్రాణానికేం కాలేదు. కుడి మణికట్టు విరిగింది. ఆసుపత్రి వరండాలో, కట్టు కడుతున్నంతసేపూ మొగుడు గోడకు ఆనుకుని, "కనపడలేదు. నా కళ్ళు పోయినట్టున్నాయి" అని అందరికీ అదే చెప్పాడు. మర్నాటి నుంచి స్టీరింగు ముట్టుకోనన్నాడు. కళ్ళ డాక్టరు దగ్గరికి పోదాం రమ్మంటే, "నా కళ్ళ సంగతి నాకు తెలీదా?" అని కసురుకున్నాడు. ఇరవై ఏళ్ళు నడిపిన బండి తమ్ముడికి అప్పగించడానికి మాటిచ్చేశాడు. యజమాని జాలిపడి ఆయన్ని మడత బల్ల దగ్గర వేశాడు.

తమ్ముడు తాళాలకు వస్తానన్న రోజు దారమ్మ మడత బల్ల పక్కనుంచి వెళుతూ ఆగింది. ఆయన దుప్పటి అంచుకు అంచు కలిపి, గీత గీసినట్టు మడుస్తున్నాడు. అటు కొసన ఆరేసిన తువ్వాలు వైపు గడ్డం ఎత్తి, "దానికి తుప్పు మరక ఉంది, మళ్ళీ ఉతకండి" అన్నాడు.

"కళ్ళు లేనివాడికి కళ్ళు బాగానే ఉన్నాయే!" అని ఒకావిడ నవ్వింది. ఆయన నవ్వలేదు. తల వంచుకున్నాడు.

దారమ్మ బండి ఊడ్వడానికి పెరట్లోకి వెళ్ళింది. ఆ మరక మాటే చెవిలో మోగుతోంది. చీపురు గేటుకు ఆనించి, ఎప్పుడూ ఎక్కని పక్క నుంచి ఎక్కింది. మొగుడికన్నా ఆమె కొంచెమే పొడుగు. మడత దుప్పటి తీసేసి, ఆయన కళ్ళు ఉండేచోటికి ఒదిగి కూర్చుంది. గేటు వైపు చూసింది.

చీపురు లేదు.

తల పక్కకు జరిపింది. ఉంది. తల మళ్ళీ మొదటిచోటికే తెచ్చింది. లేదు. పెట్టె వెనక చీపురే కాదు, గేటులో సగం మాయమైంది. ఒక మనిషి నిలబడితే మనిషి మొత్తం దాగిపోయేంత చోటు.

పెట్టెను అద్దానికి పట్టి ఉంచే రబ్బరు గిన్నె అంచు గోటితో లేపి పెట్టెను ఊడబెరికింది. అద్దం మీద గుండ్రటి మచ్చ మిగిలింది. కొంగుతో తుడిచింది. పోయింది. అంతే. ఇంక ఎవరికీ తెలియదు. ఎవరైనా అడిగితే 'బాబుగారూ, నాకేం తెలుసు' అంటే సరిపోతుంది. మరిది నడుపుకుంటాడు, ఆయన దుప్పట్లు మడుస్తాడు, ఇల్లు గడుస్తుంది. ఆ ఆలోచన ఎంత సులువుగా వచ్చిందో చూసుకుని దారమ్మకు తన మీద తనకే అసహ్యమేసింది.

గేటు చప్పుడైంది. మరిది వచ్చాడు. వెనకే మొగుడు, చేతిలో తాళాలు.

"వదినా, దారి నాక్కూడా నువ్వే చెప్పాలి. అన్నని తిట్టినట్టు నన్ను తిట్టకు మరి!"

"తాళాలు ఇవ్వకు" అంది దారమ్మ. "నీ కళ్ళకేం కాలేదు. టైలరమ్మను నీకు కనపడకుండా చేసింది నేను. ఫిట్టరు వద్దన్నా అద్దం మధ్యలో పెట్టించాను. నాకు కనపడాలని. అది తప్పు చెబితే పట్టుకోవాలని."

మరిది అన్న మొహం వంక, వదిన మొహం వంక చూసి, తాళాలకు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మొగుడు బండి రేకు మీద దుమ్ము వేలితో తుడిచాడు. "తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఎక్కిన రోజే తెలుసు. మెడ చాచి చూసుకునేవాణ్ణి. ఆవిడ పడ్డ రోజు చాచలేదు."

"మరి ఒక్కమాట చెప్పొచ్చుగదయ్యా!"

"ఆ పెట్టె వచ్చాక నువ్వు సగమైపోయావు. దాన్ని నీకు కనపడకుండా నా వైపు జరిపితే ఇంకేం చూస్తావు, ఇంకేం చెబుతావు అనుకున్నా." ఆయన ఆమె వైపు చూడలేదు. "పెట్టిన చెయ్యి నీదైతే, జరపని చెయ్యి నాది. అందుకే కళ్ళు పోయాయన్నా. ఆ మాటంటే ఇంకెవరూ ఏమీ అడగరు."

తాళాలు జేబులో వేసుకోలేదు, తమ్ముడికీ ఇవ్వలేదు. "ముందు ఆవిడకి చెప్పాలి" అన్నాడు. ఇద్దరూ నడిచే వెళ్ళారు.

టైలరమ్మ కొట్లో మిషను మీద గుడ్డ కప్పి ఉంది. కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళు చెప్పిందంతా విన్నది. క్షమించాననలేదు.

"తప్పు నాదంటే నాదని మొగుడూ పెళ్ళాలు పంచుకుంటున్నారు, బాగానే ఉంది. నా వాటాకి ఇదొచ్చింది" అంది చెయ్యి చూపించి. "ఈ చొక్కాల కాజాలు ఎవరు కుడతారు? మీ పెట్టె కుడుతుందా?"

మొగుడు నోరు తెరవబోయాడు. దారమ్మ ఆయన్ని దాటుకుని వెళ్ళి చాప మీద కూర్చుని, చొక్కా ఒళ్ళోకి తీసుకుంది. సూదిలో దారం ఎక్కించడానికి మూడుసార్లు తప్పింది. ఆయన వంగి సూది తీసుకుని, ఒక్కసారిలో ఎక్కించి ఇచ్చాడు.

"అటు నుంచి కాదు, ఇటు నుంచి పొడువు" అంది టైలరమ్మ విసుగ్గా. "ఊఁ. ఇప్పుడు వెనక్కి తిప్పు. అయ్యో, అంత దూరం పోకు!"

దారమ్మ తల ఎత్తలేదు. చెప్పినచోట తిప్పింది, ఆగమన్నచోట ఆగింది.