బియ్యం బస్తా కింద స్టూలు

మా పెద్దవాడు కామ్రాన్‌ను పొడిచి చంపిన యాషార్‌కు గురువారం ఉరి. ఇక్కడి చట్టం ప్రకారం వాడి కాళ్ల కింద స్టూలు తన్నాల్సింది చచ్చినవాడి ఇంటివాళ్లే, అంటే మేమే. వద్దని క్షమించాలన్నా తల్లిగా నా సంతకమే చాలు.

మా మరిది మొర్తజా రోజూ వచ్చి, టీ తాగుతూ అదే మాట.

"వదినా, నీ చిన్నవాడు సియామక్ తంతాడు. చచ్చింది వాడి సొంత అన్న కాదా? నువ్వు క్షమిస్తే ఊళ్లో మమ్మల్ని పిరికిపందలంటారు."

"నువ్వే తన్నరాదా?"

"నాకు మోకాలి నొప్పి కదా," అంటూ ఇంకో చక్కెర గడ్డ నోట్లో వేసుకున్నాడు.

యాషార్ మీద నాకు జాలి లేదు.

బుధవారం పొద్దున వంటింట్లో ధడేలుమని చప్పుడైంది. సియామక్ పడ్డాడేమో, తల పగిలిందేమోనని పరిగెత్తాను. వాడు బాగానే ఉన్నాడు. స్టూలు మీద బియ్యం బస్తా నిలబెట్టి, స్టూలును తన్ని చూస్తున్నాడు. నేలంతా బియ్యం.

"ఒక్క తన్నుకే పోవాలమ్మా. లేకపోతే చూసేవాళ్లు నవ్వుతారట. బాబాయి నేర్పాడు," అన్నాడు. పైగా బాగా కుదిరిందన్నట్టు నవ్వాడు.

బియ్యం ఎత్తకుండానే జైలుకు వెళ్లి క్షమాపత్రం మీద సంతకం పెట్టాను.

గేటు దగ్గర యాషార్ తల్లి నా చేతులు ముద్దు పెట్టుకోబోయింది. చేతులు వెనక్కి లాక్కున్నాను.

"నీ కొడుకంటే నాకింకా అసహ్యమే. మా ఇంట్లో ఇంకొకడు మిగిలాడు, వాడికోసం వచ్చాను," అన్నాను.