తారుమారైన చీటీలు

మూడో తరగతి టీచరమ్మకి జాలి ఎక్కువ. ఏ పిల్లవాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నా ఆమె గుండె కరిగిపోయేది. ఆ జాలే ఆమె కొంప ముంచింది.

ఆ బడిలో అక్షరాలు వచ్చి కూడా చదవడం రాని పిల్లలు బోలెడుమంది. వాళ్ళకోసం పైఆఫీసువాళ్ళు ఒక కొత్త పద్ధతి తెచ్చారు. రోజూ మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చి, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, కథ సగం చదివి టక్కున ఆపేస్తుంది. ఆపైన ఏమైందో పిల్లలే కూడబలుక్కుని చదువుకోవాలి. పిల్లలు ఆవిడకి 'కథలమ్మ' అని పేరు పెట్టేశారు. ఈ పద్ధతితో నిజంగా చదువు వస్తుందో లేదో తేల్చడానికి ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. బడంతా ఆయన్ని లెక్కలాయన అనేది.

ఆయన మూడో తరగతి పిల్లల పేర్లు చీటీల మీద రాయించి, బాగా కలిపి, చూడకుండా తీసి సగం ఒక డబ్బాలో, సగం ఇంకో డబ్బాలో వేశాడు. మొదటి డబ్బావాళ్ళు కథలమ్మ దగ్గరికి వెళ్తారు. రెండో డబ్బావాళ్ళు ఆ గంటసేపు ఎప్పట్లా బొమ్మలు వేసుకుంటారు. టర్మ్ చివర్లో అందరికీ ఒకటే పరీక్ష.

"ఎవరు ఎటు వెళ్ళాలో మనం ఎంచకూడదమ్మా" అన్నాడాయన. "మనం ఎంచితే మన మనసు మొగ్గినవైపే లెక్కా మొగ్గుతుంది. అప్పుడు తేడా వచ్చినా అది పాఠం వల్ల వచ్చిందో, పిల్లల వల్ల వచ్చిందో తేలదు."

టీచరమ్మ బుద్ధిగా తలూపింది. ఆయన బస్సెక్కి వెళ్ళిపోయాక డబ్బాలు ముందేసుకుని కూర్చుంది. రెండో డబ్బాలో లారీ డ్రైవరు కొడుకు పేరు కనిపించింది. వాడు ఒక వాక్యం చదవడానికి చెమటలు కక్కుతాడు. వాడితోపాటు అలాంటివాళ్ళే ఇంకో ముగ్గురు. మొదటి డబ్బాలోనేమో మందుల షాపాయన కవలలు, గుక్క తిప్పుకోకుండా చదివేసే పిల్లలు, హాయిగా కూర్చున్నారు.

'కడుపు నిండినవాళ్ళకి వడ్డించడం ఏం న్యాయం?' అనుకుంది. ఆ నలుగురి చీటీలు మొదటి డబ్బాలో వేసి, బాగా చదివే నలుగురివి రెండో డబ్బాలోకి మార్చింది. మర్నాడు ఏమీ ఎరగనట్టు పేర్లు చదివింది. మంచిపని చేశానన్న తృప్తితో ఆ పూట ఇంటికి కూనిరాగం తీస్తూ వెళ్ళింది.

టర్మ్ అయింది. పరీక్ష పెట్టారు. లెక్కలాయన మొహం వేలాడేసుకుని వచ్చాడు. కథలమ్మ దగ్గర చదివిన పిల్లలకే తక్కువ మార్కులొచ్చాయి.

హెడ్మాస్టరు కథలమ్మని పిలిచాడు. ఆయన గొంతు పెంచలేదు గానీ, పక్కగదిలో ఉన్న టీచరమ్మకి ప్రతి మాటా వినిపించింది. "మీ తప్పని అనడం లేదండీ. కానీ ఫలితం లేనిదానికి ఇంకో టర్మ్ ఎలా ఇస్తాం?"

కథలమ్మ పుస్తకాలు సంచిలో సర్దుకుంటుంటే టీచరమ్మ గుమ్మంలో నిలబడింది.

"నాకు చాదస్తం ఎక్కువైనట్టుంది అమ్మాయ్" అని నవ్వబోయిందావిడ. "పిల్లలు నోరు తెరుచుకుని వింటుంటే చదువు వచ్చేస్తోందనుకున్నాను. పిచ్చిదాన్ని."

టీచరమ్మ సంచి అందుకుంది. మోసుకెళ్ళి బస్టాపులో దింపి వచ్చింది, అంతే. ఆ రోజునుంచీ ఆమెకి అన్నం సయించలేదు. లారీ డ్రైవరు కొడుకు ఇప్పుడు తడుముకుంటూనే అయినా పేజీ మొత్తం చదువుతున్నాడు. వాడు పుస్తకం పట్టుకున్నప్పుడల్లా ఆమెకి తల కొట్టేసినట్టయ్యేది.

చివరికి మనసు రాయి చేసుకుని లెక్కలాయన ఆఫీసుకి వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన పెన్నుకి మూత పెట్టేశాడు.

"వెనకబడ్డవాళ్ళందరినీ కథలవైపు చేర్చారు. ముందున్నవాళ్ళని రెండోవైపు పంపారు. కథలకి వెళ్ళినవాళ్ళు ఎంత పరిగెత్తినా ముందున్నవాళ్ళకంటే వెనకే కనిపిస్తారు కదమ్మా."

"ఇప్పుడు సరిచేయలేమా?"

"ఎలా? విన్న కథలు వినకుండా చేయగలమా? మళ్ళీ మొదట్నుంచి చేయాలి. కొత్త పిల్లలతో. రెండో తరగతిలో."

"కథలమ్మగారికి..."

"అది మీరే చెప్పాలి."

చెప్పింది. కథలమ్మ ఇంట్లో, తడిబట్టలు ఆరేసిన వరండాలో నిలబడి చెప్పింది. ఆవిడ తిట్టలేదు. "మనవరాలు కథ చదవమని అడిగితే గొంతు నొప్పని అబద్ధం చెప్పాను. చదవడం నాకు చేతకాదని మీరంతా తేల్చారు కదా" అంది. మళ్ళీ బడికి వస్తానంది. కానీ ఆ తర్వాత ఎప్పుడూ టీచరమ్మని 'అమ్మాయ్' అనలేదు. 'మేడం' అనేది.

ఈసారి లెక్కలాయన జాగ్రత్తపడ్డాడు. ముందుగానే రెండో తరగతి పిల్లలందరి చేతా చదివించి, ఒకేలా చదివేవాళ్ళని ఇద్దరిద్దర్ని జత చేశాడు. ఒక్కో జతకీ అందరి ముందూ నాణెం ఎగరేశాడు. ఒకరు కథలకి, ఒకరు బొమ్మలకి.

ఆ తరగతిలో అందరూ పిచ్చుక అని ముద్దుగా పిలిచే అమ్మాయి ఉంది. టీచరమ్మ అక్క కూతురు. రోజంతా కిచకిచలాడే పిల్ల, పుస్తకం తెరిస్తే మాత్రం నోరు మూసుకుంటుంది. అక్క బట్టలు కుడుతుంది. అక్కాచెల్లెళ్ళిద్దరిదీ ఒకే ఇల్లు. పిచ్చుకకి జతగా పోస్టుమాన్ కూతురు పడింది. నాణెం పోస్టుమాన్ కూతురివైపు పడింది, పిచ్చుకకి బొమ్మలే మిగిలాయి.

"పిల్ల మీ ఇంట్లోనే ఉంటుందిగా" అన్నాడు లెక్కలాయన మెల్లగా. "టర్మ్ అయ్యేదాకా ఇంట్లో ఆ పద్ధతిలో చెప్పకండి."

సాయంత్రం అక్క కుట్టుమిషను ఆపి నిలదీసింది. "ఎవరి పిల్లలకో చీటీలు మార్చావట! సొంత పిల్లకి వచ్చేసరికి నీకు నీతి గుర్తొచ్చిందా?"

"అప్పుడు మార్చినందుకే ఇంత గొడవ అక్కా. అందరికంటే ముందు ఒక పెద్దావిడ పరువు పోయింది."

"నీ పాపానికి నా పిల్ల శిక్ష అనుభవించాలా?"

 అన్నిటికంటే కష్టం పిచ్చుకే తెచ్చిపెట్టింది. పక్కలో దూరి, "పిన్నీ, కథలమ్మ చెప్పిన కథ మా జతపిల్ల సగమే చెప్పింది, మిగతాది చదువుకోమంది. నువ్వు చదివించవా?" అని గడ్డం పట్టుకునేది. "రేపు" అనేది టీచరమ్మ. ఆ రేపులు టర్మంతా సాగాయి. రోజులు గడిచేకొద్దీ పిల్ల అడగడం మానేసింది.

ఫలితం వచ్చింది. జతల్లో ఎక్కువచోట్ల కథలకి వెళ్ళిన పిల్లే ముందుంది, అదీ బాగా ముందు. లెక్కలాయన ఫోన్‌లో చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. ఆఫీసువాళ్ళు చుట్టుపక్కల బడులన్నిటికీ ఆ పద్ధతి పంపారు. కొత్తవాళ్ళకి నేర్పడానికి కథలమ్మనే పిలిచారు. తర్వాతి టర్మ్ నుంచి మిగిలిన పిల్లలకీ పాఠాలు మొదలయ్యాయి. పిచ్చుక కూడా వెళ్ళింది. అప్పటికి పోస్టుమాన్ కూతురు గడగడా చదివేస్తోంది. పిచ్చుక దాని పక్కన కూర్చోనని మొండికేసింది.

ఒకరోజు అక్క జాకెట్టుకి కాజాలు కుడుతూ, తలెత్తకుండానే అడిగింది. చాలా రోజుల తర్వాత తనంతట తాను మాట్లాడడం అదే.

"నిజం చెప్పు. మన పిల్లొక్కదానికి ఇంట్లో చెప్పుంటే మీ లెక్క పాడైపోయేదా?"

టీచరమ్మ అబద్ధం చెప్పేయొచ్చు. పాడైపోయేదని అంటే అక్క నమ్మేది, ఇద్దరికీ కాస్త ఊరటగా ఉండేది.

"ఒక్క పిల్లతో ఏమీ అయ్యేది కాదేమో అక్కా" అంది. "కానీ ఆ నాలుగు చీటీలప్పుడు కూడా నేను అలాగే అనుకున్నాను."

 అక్క దారం పంటితో తెంపి, పక్కనున్న ఇంకో జాకెట్టు చెల్లెలి ఒళ్ళోకి విసిరింది. టీచరమ్మ సూదిలో దారం ఎక్కించుకుని కాజాలు కుట్టడానికి కూర్చుంది.