ఇల్లు గది వేసింది

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది చిన్నది. లేవక ఏం చేస్తుంది? ఆమె మంచం ఉన్నది హాల్లో, ఆ ఇంట్లో హాలంటే దారి. అన్నయ్య స్నానానికి వెళ్ళాలన్నా, వదిన వంటింట్లోకి వెళ్ళాలన్నా, పిల్లలు బడికి బూట్లు వెతుక్కోవాలన్నా ఆ మంచం పక్కనుంచే వెళ్ళాలి. పిల్లలైతే మంచం మీదనుంచే వెళ్తారు. చిన్నది అని పిలుపే గానీ ఆమె వయసేం చిన్నది కాదు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. అక్కడ యజమాని కూడా ఆమెని అడక్కుండా ఫ్రేములో అద్దం బిగించడు. ఇంటికొచ్చేసరికి మాత్రం ఆమె సంచీ ఎవరు పడితే వాళ్ళు తెరుస్తారు. వదిన సూది కోసం, పిల్లలు చాక్లెట్ల కోసం, అన్నయ్య ఊరికే.

ఆ అన్నయ్య కోర్టులో గుమాస్తా. చెడ్డవాడని నేననను. చెల్లెలికి ఒళ్ళు వెచ్చబడితే చాలు, ఆఫీసు మానేసి మంచం పక్కన కూర్చునే మనిషి. కాకపోతే మూసిన తలుపంటే ఆయనకి గిట్టదు. "మనలో మనకి దాపరికాలేమిటి?" అంటాడు. ఆ మాట అనేశాక ఇంక తలుపేసుకున్నవాళ్ళంతా దొంగల కిందే లెక్క కదా! ఇలాంటి ప్రేమతో వేగడం ఎంత కష్టమో వేగినవాళ్ళని అడగండి, చెబుతారు.

అలా ఉండగా ఒకరోజు ఇల్లు గది వేసింది.

ఆ వీధిలో ఇళ్ళు గదులు వేస్తాయి. ఇంట్లో ఎవరికి ఊపిరాడ్డం లేదో ఇంటికి తెలుస్తుంది, తెలిశాక ఊరుకోదు. ముందు సున్నం తడితో మొగ్గలా ఒక బుడిపె లేస్తుంది. అది రోజూ కాస్త కాస్త పెరుగుతుంది. గోడలొస్తాయి, కిటికీ వస్తుంది, కప్పు వస్తుంది, అన్నిటికంటే ఆఖర్న తలుపు వస్తుందని పెద్దలంటారు. చిన్నదాని మంచానికి సరిగ్గా పైన, డాబా మీద, పక్కింటి లాండ్రీ అత్త పెరటివైపు అంచున బుడిపె లేచింది. బట్టలు ఆరెయ్యడానికి వెళ్ళిన వదిన దాన్ని చూసి, "గది వేస్తున్నట్టుందండీ, సున్నం కారుతుంది, ఆ ఊరగాయ జాడీ కిందకి తెచ్చెయ్యండి," అని మొగుడికి చెప్పి తన పని తాను చూసుకుంది.

చిన్నది మాత్రం పరుగున డాబా ఎక్కి చూసొచ్చింది. ఆ గది ఎవరికోసమో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అయితే అందులో ఒక తిరకాసుంది. గది పెరిగితే ఎండో గాలో పోతుందనుకున్న పొరుగువాళ్ళు, తలుపు రాకముందే వచ్చి ఆ ఇంటి గోడ మీద అరచెయ్యి ఆనించి "వద్దు" అనొచ్చు. అంతే, ఇల్లు అక్కడితో ఆగిపోతుంది. ఆ మొగ్గని మేస్త్రీ తాపీతో గిల్లేస్తాడు. ఆ వీధి మేస్త్రీకి కట్టే పనేముంది, గిల్లే పనే. ఎవరి గోడ చూసినా గిల్లిన మచ్చలే. ఎందుకంటే ఆ వీధిలో "వద్దు" అనకుండా ఊరుకున్న పొరుగు ఇంతవరకూ పుట్టలేదు.

లాండ్రీ అత్త ఆ మొగ్గని చూసిన రోజు పెరట్లో దుప్పట్లు దులుపుతోంది. లాడ్జీలవీ, ఆసుపత్రివీ దుప్పట్లు ఆవిడే ఉతుకుతుంది. తెల్లారకముందే నానబెట్టినవి మధ్యాహ్నానికల్లా పెళపెళలాడుతూ ఆరిపోవాలి, అప్పుడే ఇస్త్రీ అయి సాయంత్రానికి మంచాలెక్కుతాయి. కాస్త చెమ్మ ఉన్నా వాసనొస్తుంది, లాడ్జీవాళ్ళు మొహం మీదే తిప్పికొడతారు. అలాంటి ఆవిడ పెరట్లో పొద్దుటెండకి అడ్డంగా ఒక గదా!

"మేస్త్రీకి కబురు పెట్టండర్రా," అంది అత్త వీధంతా వినబడేలా. "నా ఎండ నేను వదులుకోను. ఎవరేమనుకున్నా సరే."

ఎవరేమనుకుంటారు? ఎండ ఆవిడది. అందులో ఎవరికీ అనుమానం లేదు.

చిన్నది దుకాణానికి వెళ్తూ వెళ్తూ పెరటి గేటు తీసుకుని లోపలికొచ్చింది.

"అత్తా, గోడ మీద చెయ్యి పెట్టేముందు ఒక్కమాట."

"బతిమాలడానికొచ్చావా పిల్లా? నన్ను ఏడిపించకు, నాకసలే పనుంది."

"బతిమాలను. నీ ఎండ నీదే. గది నాకు కావాలి. రెండూ నిజమే. నువ్వు వద్దంటే నా గది పూర్తిగా పోతుంది. నువ్వు ఊరుకుంటే నీ ఎండ ఎంత పోతుందో మనిద్దరికీ తెలీదు. ముందు అది చూద్దాం."

"ఎలా చూస్తావేం?"

"నీ దుప్పటి ఒకటి ఇయ్యి."

అత్తకి నవ్వొచ్చింది. నవ్వొచ్చినా దుప్పటి ఇచ్చింది.

సెలవురోజు పొద్దున్నే చిన్నది డాబా మీద రెండు కర్రలు నిలబెట్టి, గది వచ్చేచోట దుప్పటిని అడ్డంగా కట్టింది. కింద పెరట్లో నడుం మీద చేతులు పెట్టుకుని అత్త నిలబడింది. దుప్పటి నీడ గోడ దిగి, పెరట్లో సగం తాళ్ళ మీద పరుచుకుని, కదలమంటే కదలదు.

"చూశావా? నా పొట్ట కొట్టినట్టే!" అని అరిచింది అత్త.

"చూశాను. ఉండు, కిందకి దించుతాను." చిన్నది దుప్పటిని తన భుజాలదాకా దించింది. నీడ చాలామటుకు వెనక్కి తగ్గింది. "ఇంత ఎత్తైతే చాలత్తా. నేను వంగి తిరుగుతాను."

"నోరుముయ్యి! వంగి తిరగడానికైతే ఆ హాలు సరిపోదూ? నీ తల మీద ఇంకో జానెడు ఉండేలా కట్టు. కట్టి, వెనక్కి జరుపు. ఇంకా వెనక్కి. ఆ మూల కొయ్యి."

"గది ఇరుకైపోతుందత్తా."

"ఇరుకు నాకూ ఉంటుంది."

ఇలా ఒకళ్ళ మీద ఒకళ్ళు కేకలేసుకుంటూ ఎండ నడినెత్తికొచ్చేదాకా జరిపారు. వీధిలో వచ్చేపోయేవాళ్ళు ఆగి ఉచిత సలహాలు ఇచ్చి వెళ్ళారు. చివరికి ఎంత జరిపినా ఒక తాడు మాత్రం నీడలో ఉండిపోయింది. గోడ పక్క పొడుగు తాడు, పెద్ద మంచాల దుప్పట్లు ఆరేసేది.

అత్త ఆ తాడుని పట్టుకుని ఈ కొసనుంచి ఆ కొసదాకా నడిచింది. తాడు పోయిందంటే ఒక లాడ్జీ పోయినట్టే. దాన్ని ఎటు తిప్పి చూసినా నష్టం నష్టమే.

"ఇంతా చేసి, ఆ గదిలో ఏం చేస్తావే?" అని అడిగింది.

"ఏమీ చెయ్యను. తలుపేసుకుని కూర్చుంటాను. ఏం చేస్తున్నావని ఎవరూ అడగకుండా."

అత్త మొహం ఒక్కసారి ఎర్రబడింది. కోపం చిన్నదాని మీద కాదు. "చూడు, నేనూ అడిగాను," అంది. "ఎండ నీకెందుకని నన్ను ఒక్కళ్ళైనా అడిగారా? అడగలేదు. నిన్ను మాత్రం అందరం అడుగుతున్నాం."

అప్పటికే తాపీతో వచ్చి గేటు దగ్గర గోళ్ళు గిల్లుకుంటున్న మేస్త్రీని పక్కకి నెట్టి, చిన్నదాని ఇంటి గోడ మీద అరచెయ్యి ఆనించింది అత్త. పైన చిన్నది కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఇంతవరకే," అంది అత్త.

మేస్త్రీ నోరు తెరిచాడు. "అలా అనకూడదత్తా. వద్దంటే వద్దనాలి. లేకపోతే ఊరుకోవాలి."

"ఎవడు చెప్పాడు?"

"ఎవరూ చెప్పలేదు. కానీ ఇంతవరకూ ఎవరూ అలా అనలేదు."

"ఇప్పుడు నేనన్నాను. ఇంటికి చెవులున్నాయి, అర్థం చేసుకుంటుంది. నువ్వు ఇంటికెళ్ళు."

ఇల్లు అర్థం చేసుకుంది. గది ఆ దుప్పటి హద్దుదాకా పెరిగింది, ఒక మూల కోసినట్టు ఏటవాలుగా తిరిగింది, అక్కడ ఆగింది. చిన్నది పనిలోంచి రాగానే డాబా ఎక్కి తడిగోడల్ని ముట్టుకుని చూసుకునేది. నవ్వు ఆపుకోలేకపోయేది.

ఆ నవ్వు అన్నయ్య కంటబడింది. ఒకరోజు ఆయన బజారునుంచి ఇనుప గడియ ఒకటి తెచ్చాడు.

"తలుపు రాగానే మేస్త్రీ చేత బయటివైపు బిగించేద్దాం," అన్నాడు, ఏదో మంచిపని చేస్తున్నట్టు.

"గడియ లోపల కదన్నయ్యా ఉండాల్సింది?"

"లోపల దేనికి? నీకేమైనా అయితే మేం ఎలా రావాలి? డాబా మెట్లు ఎలాగూ మా గదిలోంచే. నువ్వు వెళ్ళేటప్పుడు నాకు చెప్పి వెళ్తావు, పడుకున్నాక నేను ఓసారి చూసి గడియ వేస్తాను. భయముండదు."

"భయం ఎవరికన్నయ్యా?"

ఆయన చేతిలో గడియని అటూ ఇటూ తిప్పాడు. తరవాత గొంతు పెంచాడు. "ఇల్లు నాది. ఇంట్లో గది నాది. నా ఇంట్లో మనుషుల మంచిచెడ్డలు చూసుకునే హక్కు నాకు లేదా?"

చిన్నది ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. తాడు పోగొట్టుకుని అత్త ఇచ్చిన గది చివరికి బయట గడియ ఉన్న పెట్టె అయిపోతుందని ఆమెకి ఏడుపొచ్చింది. ఏడవడానికి హాలు తప్ప చోటు లేదు కాబట్టి అదీ మానుకుంది.

తలుపు రావాల్సిన పొద్దున్న అన్నయ్య గడియ పట్టుకుని, మేస్త్రీని వెంటబెట్టుకుని డాబా ఎక్కాడు. వెనకాలే చిన్నది. గది చుట్టూ ఒకసారి తిరిగారు. మళ్ళీ తిరిగారు. డాబావైపు కిటికీ ఉంది గానీ తలుపు లేదు. అంతా గోడే.

"రాలేదేమయ్యా?" అన్నాడు అన్నయ్య.

"వచ్చింది నాయనా, ఇటు రండి," అని కిందనుంచి అత్త కేకేసింది.

అందరూ పిట్టగోడ మీదనుంచి వంగి చూశారు. తలుపు పెరటివైపు వచ్చింది. ఒక్క తలుపే కాదు, గోడని ఆనుకుని మెట్లు కూడా వచ్చాయి, నేరుగా అత్త ఉతుకుడు బండ పక్కకి. తలుపుకి గడియ కూడా వచ్చింది, లోపలివైపు.

అన్నయ్య మేస్త్రీ మీద ఒంటికాలి మీద లేచాడు. "ఇటెందుకొచ్చిందయ్యా?"

"నన్నడిగితే? నా జన్మలో గిల్లిన మొగ్గలే గానీ పొరుగు ఒప్పుకున్న గది చూశానా? అది ఎటు తెరుచుకుంటుందో నాకేం తెలుసు?"

అన్నయ్య చరచరా దిగి, వీధిలోకొచ్చి, పెరటి గేటు మీద చెయ్యి వేశాడు. లోపల అత్త తడి దుప్పటి భుజాన వేసుకుని నిలబడి ఉంది.

"గేటు తియ్యత్తా. అది నా ఇంటి గది."

"నీ ఇంటి గదే. ఎవరు కాదన్నారు? కానీ ఇది నా పెరడు. ఆ మెట్లెక్కాలంటే నా పెరట్లో కాలు పెట్టాలి."

"మరి దానికి దారెవరిచ్చారు?"

"నేనే."

"నాకు ఇవ్వవా?"

"ఎందుకివ్వను? వచ్చి తలుపు తట్టు. ఆ పిల్ల రమ్మంటే నీకూ దారుంది. రమ్మనకపోతే లేదు. నీ గడియ మాత్రం గేటు బయటే పెట్టి రా."

ఎన్నో ఆస్తి తగాదాల కాగితాలు చేతుల మీదుగా పంపిన మనిషి, గేటు మీదనుంచి చెయ్యి తీసేశాడు. మొహం మాడ్చుకుని ఇంటికెళ్ళి వదిన మీద అరిచాడు. వదిన తిరిగి అరిచింది. ఆ సాయంత్రమే చిన్నది తన మంచం మోయించుకుని వెళ్ళిపోయింది. హాలు ఎంత పెద్దదో అందరికీ అప్పుడే తెలిసింది.

కొత్త కాపురం సుఖంగా సాగిందని చెబితే అబద్ధం. పోయిన తాడుకి బదులు అత్త మెట్ల మీద దిండు గలీబులు ఆరేసేది. అవి తొక్కకుండా దిగడం చిన్నదాని వల్ల కాదు. "నా మెట్లత్తా!" "నా పెరడే!" అని రోజూ పొద్దున్నే ఒక విడత అయ్యేది. గలీబులు ఏ మెట్టుదాకా ఉండాలో తేల్చుకుని మర్నాడు మళ్ళీ మొదలుపెట్టేవారు. లాడ్జీ మాత్రం పోయింది. అత్త దాన్ని తలుచుకుని అప్పుడప్పుడూ తిట్టుకునేది, ఎవరిని తిడుతోందో చెప్పేది కాదు.

అన్నయ్య చాలారోజులు బిగుసుకుని కూర్చున్నాడు. ఒక సెలవురోజు పొద్దున్న ఇంక ఉండబట్టలేక గేటు దగ్గరకొచ్చాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. అత్త చూసి గేటు తీసింది. మెట్లెక్కి, తలుపు ముందు నిలబడి, తట్టాలా పిలవాలా తేల్చుకోలేక చివరికి వేలి కణుపులతో మెల్లిగా తట్టాడు. పుట్టి బుద్ధెరిగాక చెల్లెలి తలుపు తట్టడం ఆయనకి అదే మొదలు.

"ఎవరు?"

"నేనే."

"ఇప్పుడు కాదన్నయ్యా. కాసేపాగు."

ఆయన తలుపువైపే చూస్తూ ఉండిపోయాడు. లోపల ఏం చేస్తోందో తెలీదు. కుర్చీ జరిపిన చప్పుడు కూడా లేదు. అడగబోయి, అడగలేదు. మెట్లు దిగి ఉతుకుడు బండ మీద కూర్చున్నాడు.

"ఊరికే కూర్చుంటావేం? ఆ కొస పట్టుకో," అంది అత్త.

ఆయన దుప్పటి కొస పట్టుకున్నాడు. అత్త ఇటు తిప్పింది, ఆయన అటు తిప్పాడు, నీళ్ళు జలజలా కారి ఆయన ప్యాంటు తడిసింది. ఒకటి పిండారు, ఇంకోటి పిండారు. ఎండ తాళ్ళ మీదకి వచ్చింది.

గడియ తీసిన చప్పుడైంది. చిన్నది బయటికొచ్చి, మెట్ల మీద గలీబులు పక్కకి జరిపి, "రా అన్నయ్యా," అంది.

ఆయన తడిచేతులు తుడుచుకున్నాడు, చెప్పులు కింద విడిచాడు, పైకెక్కాడు. చెల్లెలు పిలిచాక కూడా, తలుపు బార్లా తీసి ఉన్నా కూడా గడప దగ్గర ఆగిపోయి, "రావచ్చా?" అని అడిగాడు.