కట్టె పలికిన శ్రుతి

వర్షాకాలము వెనుదిరిగి పోవుటయు శరదృతువు ధవళమేఘపరివారసమేతముగా విశాఖపట్టణ తీరమున విడిదిచేయుటయు జరిగి కొన్ని దినములు గడచెను. అపరాహ్ణము వాలుచుండెను. సముద్రములోనికి మూతి చాచి పండుకొనిన కొండ నీడ ఓడరేవు నీటిపై అంతకంతకు సాగుచుండగా లంగరు వేసిన నౌకల కూతలును తీరశిలలపై విరుగు తరంగముల ఘోషయు ఏకమై ఆ పురమంతటికిని అవిచ్ఛిన్నమంద్రనాదమొకటి ఆధారశ్రుతియై నిలిచియుండెను. పుట్టినది మొదలు దానిలోనే మెలగుటచేత కాబోలు ఆ యూరివారెవ్వరును దానిని వినరు.

తీరమునకు అనతిదూరమున నున్న సంగీతసభామందిరమున నాటి సాయంకాలము గానవిదుషీమణి చామర్తి కనకవల్లీదేవి కచేరి జరుగవలసియుండెను. ఆమె వయస్సు డెబ్బదికి చేరువ. తన షడ్జమును అయిదవ శ్రుతి యెత్తున నిలిపి పాడుట ఆమెకు ఇంటిపేరు వంటిది. అయినను కాలము ఎంతటివారి కంఠమును ఉపేక్షింపదు గదా! కొంతకాలముగా ఆమె తారస్థాయిలో నిలుచునప్పుడెల్ల కంఠనాళములు ఉబ్బుటయు కనుకొలకులు తడియగుటయు పక్కవాద్యములవారు చూచుచునేయుండిరి గాని శ్రుతి తగ్గింపుమని చెప్పుటకు ఒక్కనికిని నోరు పెగలలేదు. మునుపు ఆ సలహా చెప్పబోయిన వైణికుడొకడు మరునాటినుండి ఆమె వేదికపై కనబడకపోవుట అందరును ఎరిగినదే. కావున ఆమె శ్రుతిమాట ఎత్తరాదనునది ఆ బృందమున వ్రాయని శాసనమై వర్ధిల్లుచుండెను.

ఆ కచేరికై ఆమె కోరి పిలిపించినది పరంజ్యోతి యను యువతిని. వాల్తేరు ప్రార్థనామందిరపు గాయకబృందమున డబుల్ బేస్ వాయించుచు పెరిగి పిదప ఒక గురువు నాశ్రయించి కర్ణాటకసంగీతము నభ్యసించిన ఆ పరంజ్యోతిని ఒకనాడు విని కనకవల్లీదేవి, "నా గొంతు కింద నేలలాంటిది ఒకటి కావాలమ్మా. నువ్వు రా" అని మాత్రము పలికెను. ఆ పిలుపు విన్న దినమున పరంజ్యోతి అన్నము సయించక రాత్రియెల్ల తన వాద్యము ప్రక్కన కూర్చుండెను. ఏమనగా ఆ సభావేదికపై అట్టి వాద్యము అంతకుముందెన్నడును ఎక్కియుండలేదు; ఒకమారు దింపివేసిన మరల ఎన్నడును ఎక్కబోదు.

నిలువెత్తు మనుష్యునికంటె ఎత్తును గుమ్మడిపండు రంగును విశాలోదరమును గల ఆ మంద్రవాద్యము ఒంటరిగా మ్రోగినపుడు గదికి చాలును గాని మృదంగము మ్రోగు మహాసభకు చాలదు. అందుచేత తంత్రులను మోయు కట్టెవంతెన పాదముక్రింద రూపాయిబిళ్ళయంత పికప్ నొకదానిని అమర్చి అది పట్టిన కంపమును తీగగుండ స్పీకరునకు పంపుదురు. చిక్కంతయు అచ్చటనే యున్నది. స్పీకరునుండి వెలువడిన నాదము గాలిలో మరలివచ్చి ఆ వాద్యపు పొట్టనే తాకును. పొట్ట కదలిన తంత్రి కదలును. తంత్రి కదలిన నాదము మరల స్పీకరునకు పోయి రెట్టింపై తిరిగివచ్చును. తమ ప్రసంగమును తామే విని మురియు సభాధ్యక్షులకు పట్టు వ్యాధి వంటిదే ఇదియును. ఎవరైన ఆపువరకు ఆగదు.

ఆనాటి మధ్యాహ్నపు సాధకమున కనకవల్లీదేవి షడ్జము నందుకొనగా పరంజ్యోతియు ఆ షడ్జమునే మీటినది. మీటినంతనే ఆ వాద్యము గుర్రుమని మొదలై గోడలు బీటలు వారునేమో యనునంత భయంకరముగా అరచెను. మృదంగవిద్వాంసుడైన వేంకటశేషయ్య చెవులు మూసికొనెను. సభాకార్యదర్శి పరుగున వచ్చి, "ఇంకొక్కసారి ఇది ఇలా అరిచిందంటే కిందకు దించేస్తాం. సాయంత్రం పెద్దలంతా వస్తారు, మా పరువు తీయకండి" అని ఖండితముగా చెప్పి పోయెను.

అటుపై ఆమె తానెరిగిన ఉపాయము నొక్కటియు విడువలేదు. స్పీకరు ముఖమును ప్రక్కకు త్రిప్పించెను. తాను రెండడుగులు వెనుకకు జరిగెను. వాద్యోదరమున కోయబడిన రెండు రంధ్రములలోను స్పాంజి ముక్కలు కుక్కెను. మీటని తంత్రులు తమంతట తాము కదలకుండ ఎడమ అరచేతితో అదిమి పట్టెను. తక్కిన స్వరములన్నియు మచ్చికయైన ఆవులవలె ఒదిగి ఒదిగి వచ్చెను. షడ్జము మాత్రము దగ్గరకు పోగానే మరల గుర్రుమనసాగెను.

అప్పుడు ధ్వనియంత్రములకడ కూర్చుండిన పైడిరాజు తల గోకికొని, "అమ్మా, ఇది ఈ ఒక్క సొరం కాడే గొల్లుమంతంది. ఆ ఒక్కదాన్ని ఈ మిషన్లో కోసీమంటే కోసీగల్ను. మరి అరవదు" అనెను. పరంజ్యోతి సరేయని తల యూపెను. అతడొక మీటను క్రిందికి లాగెను. నిజముగనే అరుపు మటుమాయమయ్యెను. అందరును హమ్మయ్య అనుకొనిరి.

కనకవల్లీదేవి మరల పాట నందుకొనెను. స్వరములన్నియు క్రమముగా దిగివచ్చి షడ్జమును చేరు వేళకు ఆమె కంఠము క్రింద నేల కరవయ్యెను. తంత్రి కదలుచుండెను గాని స్పీకరునుండి నాదము లేదు. ఊడిన మెట్టుపై పాదము మోపబోయిన మనిషివలె ఆమె తూలి ఆగిపోయి, "నా షడ్జం ఏదమ్మా?" అని అడిగెను.

ఆ ప్రశ్నలో కోపము లేదు. కోపమున్నచో పరంజ్యోతి సహించియుండును. అందు చిన్నబిడ్డ దిగులు వంటిదేదో వినబడెను. పైడిరాజుచేత ఆ మీటను యథాస్థానమున పెట్టించి శబ్దమును మిక్కిలి తగ్గింపజేసి పరంజ్యోతి కన్నులు మూసికొని వాద్యపు మెడకు చెంప ఆనించి షడ్జమును మెల్లగా మీటెను. అరుపు రాబోవు ముందటి క్షణమున అరచేయి పొట్టపై పెట్టి నిలిపెను. మరల మీటెను, మరల నిలిపెను. అప్పుడామెకు ఒడలు గగుర్పొడిచెను. ఇన్ని సంవత్సరములు తాను కౌగిలించుకొని వాయించిన ఆ కట్టెకు తనదియైన స్వరమొకటి యున్నది. వడ్రంగి చేతిలో చెక్కగా వంగిన నాటినుండి అది ఆ స్వరమును గర్భమున మోయుచునేయున్నది. ఎవ్వరైన ఆ స్వరమును బిగ్గరగా ఉచ్చరించిన అది తన్ను పిలిచిరని తలచి లేచి పలుకుచున్నది. అది అరుపు కాదు, అది బదులు. ఇంతటి సంగతి తన చేతులలోనే యుండియు తానెరుగనందులకు ఆమె విస్మయము పట్టజాలక వాద్యమునకు నమస్కరింపబోయి నలుగురు చూతురని మానుకొనెను.

కనకవల్లీదేవి ఆసనమునుండి లేచి వచ్చి ఆ వాద్యోదరముపై చేయి వేసి, "అయిదు దగ్గరే ఎందుకమ్మా అరుస్తుంది?" అని అడిగెను.

"దీని ఒంట్లో ఉన్న స్వరం అదేనండి. తన స్వరం తనకి వినబడితే ఊరుకోలేదు."

వృద్ధవిదుషి వ్రేళ్ళు కట్టెపైననే యుండెను. పిమ్మట మిక్కిలి మెల్లగా, "మరి నా ఒంట్లోదో?" అనెను.

వేంకటశేషయ్య మృదంగపు తోలువారును సవరించు నెపమున తల వంచుకొనెను. అబద్ధమాడిన వేదిక నిలుచును. నిజము పలికిన వైణికుని గతి పట్టును. ఈ రెండును పరంజ్యోతికి స్పష్టముగా కనబడెను. కాని కట్టెకంటె తాను తక్కువ నిజాయితీతో ఎట్లు నిలుచుట యని తోచి తన చెవి పట్టిన సంగతిని దాచక, "నాలుగున్నర అండి" అని చెప్పెను.

కనకవల్లీదేవి వెనుకకు తిరిగి, "శేషయ్యా, నీకు తెలుసునా?" అని అడిగెను. ఆ మహానుభావుడు లేచి వేదిక వెనుకకు పోయి ఎర్రని గుడ్డసంచి నొకదానిని మోసికొనివచ్చి ముడి విప్పెను. అందు రెండవ మృదంగము కలదు. అతడు దానిని ఒడిలో పెట్టుకొని ఒక్కమారు తట్టగా అది సరిగా నాలుగున్నరలో పలికెను.

"ప్రతి కచేరీకీ తెస్తూనే ఉన్నానమ్మా" అని అతడు నేల చూపులు చూచుచు చెప్పెను. "విప్పడానికే ధైర్యం చాల్లేదు."

కనకవల్లీదేవి అతనివంక చూచిన చూపు నిప్పులు కక్కునని అందరును బెదరిరి. అట్లు జరుగలేదు. ఆమె మెల్లగా పోయి శ్రుతిపెట్టె ముందు కూర్చుండి ఎవ్వరి సాయమును కోరక తన చేతితో తానే దాని మరను అరమెట్టు దించెను. పరంజ్యోతి గబగబ తంత్రుల నాల్గింటిని దించికొనెను.

అంతట ఆ విదుషీమణి షడ్జము పట్టెను. కంఠనాళము ఉబ్బలేదు. కనుకొలకులు తడియలేదు. పెక్కుసంవత్సరములుగా అభిమానమను బిగువున బంధింపబడి సన్నగిల్లిన ఆ గాత్రము కట్లు విప్పిన ఏటినీరై వెడల్పుగా లోతుగా నిబ్బరముగా ప్రవహించి ఖాళీకుర్చీల వరుసలను దాటి వెనుకగోడను తాకి మరలి వచ్చుచుండగా పైడిరాజు పని మరచి నిలువబడిపోయెను. పరంజ్యోతి భయభక్తులతో అదే షడ్జమును మీటెను. అందరును ఊపిరి బిగబట్టిరి. వాద్యము అరవలేదు. తన స్వరము కాని స్వరమును అది మర్యాదతో మోసి ఆ వృద్ధకంఠము క్రింద నిండుగా పరచెను.

కనకవల్లీదేవి కన్నులు విప్పి పాట నడుమనే ధ్వనియంత్రముల దిక్కునకు చేయి చాచి, "ఇంకొంచెం పెంచవయ్యా పైడిరాజూ! భయం లేదు, పెంచు" అనెను.

అతడు పెంచెను. ఆ నాదము వేదికపలకలగుండ ప్రాకివచ్చి పాదములను ఎముకలను హృదయమును క్రమముగా ఆక్రమించుచుండగా పరంజ్యోతికి కన్నీరు ఆగలేదు. ఎడమచేయి తంత్రుల నదుముచును కుడిచేయి మీటుచును ఉండుటచేత తుడుచుకొనుటకు వీలు లేకపోయెను. బిందువులు వాద్యపు భుజముపై రాలి జారుచుండగా ఆమె అట్లే వాయించుచుండెను.