దొడ్డప్ప హిమాలయం

ఔలీలో మా ఇద్దరికీ సీట్లు దొరికాయన్న మెసేజ్ వచ్చినప్పుడు నేను మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నాను. గురుదత్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చి ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. హిమాలయాల్లో, మంచు మీద జారడం బొత్తిగా రానివాళ్లకు నేర్పే వారం రోజుల శిక్షణ, ఫిబ్రవరి రెండో వారంలో. నేను చదవడం పూర్తి చేసేలోపే నన్ను ఎత్తి గిర్రున తిప్పాడు. నా కొంగు ఎగిరి పోయి దండెం మీదున్న అత్తయ్య మడిచీరకు తగిలింది. మడి పోయింది. చీరను మళ్లీ తడిపి, పిండి, ఆరేసేసరికి నవ్వలేక ఇద్దరికీ కడుపు నొప్పి పుట్టింది.

మా పెళ్లి పారాణి ఇంకా ఆరలేదు. గురుదత్ ఆదోనిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. నేను ఎమ్మిగనూరు పిల్లను, బీఎస్సీ చదివాను. మంచు అంటే ఫ్రిజ్ పై అరలో చెంచాతో గీకి తీసేది తప్ప ఇంకోటి మేమిద్దరం చూడలేదు. అందుకే చూడాలనుకున్నాం. చూడటమే కాదు, దాని మీద జారాలనుకున్నాం.

మా ప్లాను మీద నాకు చాలా గర్వం. ప్యాకేజీ టూర్ల వాళ్లు మంచులో ఒక ఫోటో తీయించి, గంటసేపు జారించి, మిగతా రోజులన్నీ శాలువాల దుకాణాల చుట్టూ తిప్పుతారు. ఈ శిక్షణలో పడక, తిండి, బూట్లు, కాళ్లకు కట్టుకునే స్కీలు, నేర్పే మనిషి, అన్నీ కలిసే ఉన్నాయి. ఢిల్లీ రైలు ఆదోనిలోనే ఎక్కొచ్చు, స్లీపర్లో. అక్కడి నుంచి హరిద్వార్ మీదుగా జోషీమఠ్‌కు బస్సులు. మందపాటి కోట్లు కొనడం దండగ, అక్కడే అద్దెకిస్తారు. కొత్తవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది పడటమని వీడియోల్లో చెప్పారు కాబట్టి, గదిలో పరుపు మీద రోజూ పక్కకు పడటం అభ్యాసం చేస్తున్నాం. తర్వాత మేజోళ్లు వేసుకుని, నాపరాళ్ల నేల మీద కాలివేళ్లు లోపలికి, మడమలు బయటికి పెట్టి, మోకాళ్లు వంచి నిలబడతాం. జారేటప్పుడు ఆగాలంటే అదే భంగిమ. "బాతు మాదిరి ఉండావు" అంటాడు గురుదత్. తను మాత్రం బాత్రూం తలుపు తీయమని అడిగేవాడిలా ఉంటాడు.

ఆ రాత్రిలోగా డబ్బు కట్టి సీట్లు ఖాయం చేసుకోవాలి. లేకపోతే వరుసలో తర్వాతున్న వాళ్లకు పోతాయి. గురుదత్‌కు సెలవు దొరికేది కూడా ఆ ఒక్క వారమే. సైన్సు ప్రాక్టికల్స్ జరిగేటప్పుడు లెక్కల మాస్టారితో ఎవరికీ పని ఉండదు.

మిద్దె మీదే కట్టేసి ఉంటే అయిపోయేది. కానీ గురుదత్ ముందు దొడ్డప్పకు ఒక మాట చెబుదామన్నాడు.

దొడ్డప్ప అంటే పోయిన మా మామగారికి అన్న, మధుసూదనరావుగారు. కన్నడం కలిసిన ఇల్లు కాబట్టి పెదనాన్నను అలాగే పిలుస్తారు. హెడ్మాస్టరుగా రిటైరైనా హెడ్మాస్టరు పని మానలేదు. ఏటా మే నెలలో ఆదోని నుంచి బదరీ యాత్రకు బస్సు కట్టిస్తాడు కాబట్టి హిమాలయాలు తన పెరడు అనుకుంటాడు. గురుదత్ లెక్కలు చదవాలని నిర్ణయించింది ఆయనే, మా వంటింట్లో మిక్సీ ఏ మూల ఉండాలో నిర్ణయించిందీ ఆయనే. నా పెళ్లిచూపుల్లో ప్రశ్నలన్నీ ఆయనే అడిగాడు. జవాబులు కూడా చాలామటుకు ఆయనే చెప్పుకున్నాడు.

సాయంత్రం కాఫీకి వచ్చి ఉయ్యాలబల్ల మీద కూర్చున్నాడు.

"ఏమప్పా గురూ, ఇద్దరి మొగాలూ వెలిగిపోతాండాయి. ఏమి కత?"

గురుదత్ చెప్పాడు. క్లాసులో చివరి బెంచీ దాకా వినబడే గొంతు ఆయన ముందు మొదటి బెంచీ దాకా కూడా పోదు.

"జారేదానికి దుడ్డిచ్చి అంత దూరం పోతారా? నీళ్లు పోసుకునే మన బచ్చలింట్లో ఊరికే జారొచ్చు కదప్పా" అని దొడ్డప్ప నవ్వాడు. తన జోకులకు తనే ముందు నవ్వుతాడు, మిగతావాళ్లకు ఆ శ్రమ ఉండదు. "దండగ పని. మే నెల్లో నా బస్సులో రాండి. ఔలీ జోషీమఠ్ పక్కనే. ఒక గంట బస్సు నిలబెడతా. మీరు జారేది జారి వచ్చి ఎక్కండి. సత్రంలో ఆ పిల్లకు ఆడోళ్ల పక్క పడక, నీకు మా పక్క. వంటకు ఎట్లాగూ మీ అమ్మ వస్తాది."

పెళ్లయ్యాక మా మొదటి ప్రయాణం ఇలా ఉయ్యాల ఊగుతూ ఖాయమైపోయింది.

"మే నెలలో ఔలీలో మంచుంటుందా దొడ్డప్పా?" అన్నాను చాలా వినయంగా. నా వినయాన్ని ఎరిగిన మా అమ్మ అక్కడుంటే భయపడేది.

"హిమాలయంలో మంచుంటాదా అంటావేమ్మా? బీఎస్సీలో ఇదేనా చెప్పింది? నేను ఎన్నితూర్లు పోయొచ్చినోణ్ణి." ఫోన్ తీసి, వేలు తడిచేసుకుని, ఒక ఫోటో వెతికి చూపించాడు. "ఇదో, ఔలీ."

మంకీ క్యాపు, మఫ్లరు, చంకలో గొడుగు. నడుం మీద చెయ్యేసుకుని, కొండను తనే కాంట్రాక్టు తీసుకుని కట్టించినట్టు నిలబడ్డాడు. కాళ్ల కింద పచ్చటి గడ్డి. వెనక రెండు ఆవులు మేస్తున్నాయి.

"మంచు యాడుంది దొడ్డప్పా?"

"అదో, వెనకాల తెల్లగా కనబడలేదా?"

ఆ తెల్లటిది ఫోటో పై అంచున ఉంది. ఆవులు ఆదోనిలో మేస్తుంటే అది ఎమ్మిగనూరు అవతల ఉన్నట్టుంది.

"అయితే మేం జారాల్సింది ఆవుల మీదన్నమాట" అన్నాను. గురుదత్ దగ్గు తెచ్చుకుని తల తిప్పుకున్నాడు.

బదరీ గుడి చలికాలమంతా మూసి ఉండేదే మంచు వల్ల. అది కరిగాక తలుపులు తెరుస్తారు, అప్పుడు ఈయన బస్సు బయల్దేరుతుంది. పందిరి విప్పేటప్పుడు వచ్చి నాలుగు వెదురుకర్రలు చూసి, పెళ్లంటే నాకు తెలీదా అనే మనిషి ఈయన. ఈ పోలిక మింగేసి, మిగతాదంతా మర్యాదగానే చెప్పాను.

"కొత్తకోడలు బాగా మాట్లాడుతాది" అన్నాడు దొడ్డప్ప, నాతో కాదు, గురుదత్‌తో. "ఏమంటావప్పా? మీ ఇద్దరికీ సీట్లు పెట్టుకుంటా."

"సరే దొడ్డప్పా, చూద్దాం" అన్నాడు నా మొగుడు.

ఈ ఇంట్లో చూద్దాం అంటే దొడ్డప్ప చెప్పినట్టే కానిద్దాం అని అర్థం. నేను కాఫీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వచ్చేశాను. గురుదత్ వెనకే వచ్చాడు. హాల్లో అతన్ని మీరంటాను, వంటింటి గడప దాటితే నువ్వు.

"ఏం చేయమంటావు రక్షా? నాయన పోయినప్పట్నుంచి ఆయన మాట దాటలేదు నేను."

"దాటొద్దు. మంచి క్యాపు కొనుక్కో. ఆ రెండావుల పక్కన మూడోదాని మాదిరి నిలబెట్టి నీకూ ఫోటో తీస్తాడు."

అతను నొచ్చుకున్నాడు. నొచ్చుకోనీ అనుకున్నాను. మిద్దె మీద నన్ను గిర్రున తిప్పిన చేతులు ఇప్పుడు వంటింటి గట్టు మీద గుడ్డను మడత పెడుతున్నాయి.

అత్తయ్య సీతాబాయి పొయ్యి దగ్గర అంతా వింటూనే ఉంది. మంట ఆర్పి, చేతులు తుడుచుకుని, హాలు గడప దగ్గర నిలబడింది. ఆమె వెనక మేమిద్దరం.

"బావగారూ, మీ యాత్రకు నేను ఎన్నితూర్లు వచ్చినా?"

"ప్రతి యేడూ వస్తావు కదమ్మా. నువ్వు లేకుంటే వంట యాడ జరుగుతాది?"

"కొండ ఎట్లుంటాదో నాకు తెలీదు" అంది అత్తయ్య. కోపంగా కాదు, పప్పులో ఉప్పు లేదన్నట్టు. "సత్రంలో వెనకపక్క వంటిల్లు. కిటికీ ఉంటాది, పొగ పోయేదానికి. బస్సు దిగుతానే పొయ్యి, మల్లా బస్సెక్కేదాకా పొయ్యి. ఆ ఫోటో తీసుకున్న పొద్దు మీరంతా ఔలీ పోతిరి. నేను బస్సుమందికి చపాతీలు ఒత్తుతాంటి."

"అప్పుడే ఒక మాట చెప్పకూడదా?" అన్నాడు దొడ్డప్ప. ఆయన ఆశ్చర్యం నిజమైనదే. అదే నాకు మరింత ఒళ్లు మండించింది. ఆవులు కనబడ్డాయి ఈయనకు, ఈమె కనబడలేదు.

"ఇప్పుడు చెప్తాండా. వాళ్లను వాళ్ల దావన పోనీండి. ఈ పిల్ల నా మాదిరి కిటికీలో పొగ చూసి రావద్దు."

దొడ్డప్ప ఉయ్యాల ఆపి ఆఖరి అస్త్రం తీశాడు. "గుడి మూసింటారని మీరే అంటిరి. కొత్తగా పెండ్లయినోళ్లు క్షేత్రం దాకా పోయి స్వామిని చూడకుండా వస్తారా? ఏమప్పా గురూ?"

నేను నోరు తెరవబోయి ఆగాను. ఆయన అడిగింది నన్ను కాదు. గురుదత్ నా పక్క నుంచి ముందుకు వచ్చాడు.

"చలికాలం పూజ కిందనే, జోషీమఠ్ నరసింహస్వామి గుడి దగ్గర చేస్తారని ప్రతి యేడూ బస్సులో మైకు పట్టుకుని మీరే చెప్తారు కదా దొడ్డప్పా. ఔలీకి ఆ దావనే పోవాల. దర్శనం చేసుకొనే పైకి పోతాం." చివరి బెంచీ గొంతు అది. "ఫిబ్రవరిలోనే పోతాం. మేమిద్దరమే."

అని ఆయన ముందే ఫోన్ తీసి డబ్బు కట్టేశాడు. ఖాయమైందన్న మెసేజ్ టింగుమని మోగింది. అంత ముద్దొచ్చే చప్పుడు నేను ఎన్నడూ వినలేదు. అత్తయ్య లేకపోతే ఏం చేసేదాన్నో చెప్పను.

"కాలు ఇరగ్గొట్టుకుంటే నాకు ఫోన్ చేయొద్దండి" అని దొడ్డప్ప చెప్పులేసుకున్నాడు.

"మీకెందుకు చేస్తాం దొడ్డప్పా, మీ ఫోటోలో మంచే లేదు కదా" అన్నాను. ఆయన వీధి మలుపు దాకా ఏదో గొణుక్కుంటూనే పోయాడు. మే నెల బస్సుకు వంటమనిషిని వెతుక్కోవాలన్న సంగతి ఆయనకు ఇంకా తట్టి ఉండదు.

అత్తయ్య వచ్చి ఖాళీ ఉయ్యాలబల్ల మీద కూర్చుంది. ఆమె దాని మీద కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. మెల్లగా ఒకసారి ఊగి, మా కాళ్ల వైపు చూసింది.

"ఈ కాళ్లతో ఏం జారతారప్పా మీరు. రేపు ఆదివారమే కదా. పూజ అయితానే ముగ్గురం మన ఊరి రణమండల కొండెక్కుదాం. వంట లేదు రేపు. బొరుగులు మూట కట్టుకోండి, పైన కూర్చొని తిందాం. నేను నిమ్మళంగా ఊరంతా చూడాల."